పదో వీధికి పన్నెండు వోల్టులు

ఒకటో కాగితం. ఫ్యాన్లను తగ్గించిన రెండో రోజు.

నా పేరు సూరాడ నూకరత్నం. లోపలూరు, పదో వీధి, చివరి నుంచి రెండో ఇల్లు. వయసు డెబ్బై నాలుగో డెబ్బై ఆరో. ఫ్యాన్ల గోడ తుడిచే పనిలో ముప్పై తొమ్మిదేళ్లుగా ఉన్నాను. నాకు చదువు రాదు. రాదని సిగ్గూ లేదు. ఈ మాటలు రెండో వీధి చామర్తి విస్సన్న పంతులు గారు నా గడప మీద కూర్చుని రాస్తున్నారు. నేను మాట్లాడేదాన్ని కాగితం భాషలో పెడతానన్నారు. అలాగైతేనే ఊరి కమిటీ చదువుతుందట. సరే అన్నాను. మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే ఉండాలని ఆయన చేత ఒట్టు వేయించుకున్నాను.

నిన్న పొద్దున పనిలోకి వెళ్లేసరికి ఫ్యాన్ల గోడ అరవడం లేదు. మూలుగుతోంది. నూట ఇరవై ఫ్యాన్లు, ఒక్కోటి చేటంత, పది వరసలుగా సొరంగానికి అడ్డంగా బిగించి ఉంటాయి. అవి ఊరి ముఖద్వారం నుంచి పది వీధుల మీదుగా గాలిని లాగి, గోడ అవతల ఉన్న మిషను గదిలోకి తోసి, పెద్ద గొట్టం గుండా కొండ మీదికి వదులుతాయి. లెక్కలు చేసే ఆ పెద్ద మిషను చల్లగా ఉండాలని పెట్టినవి. ఆ గాలి దారిలో మేము కాపురాలు ఉంటున్నాం. సముద్రం మా పేటను మింగాక, బయట ఎండ మనిషిని నిలబెట్టి కాల్చే రోజుల్లో, మమ్మల్ని తెచ్చి ఈ కొండ లోపల పెట్టారు. మిషను పీల్చుకునే గాలే మా ఊపిరి. మాకంటూ వేరే ఏర్పాటు ఎవరూ చేయలేదు.

గోడ ముందు కొత్త ఇంజినీరు జ్ఞానదీప్ నిలబడి ఉన్నాడు. వచ్చి మూడు నెలలయింది. మా వీధి మొదట్లోనే క్వార్టరు ఇచ్చారు. వచ్చిన రోజు నుంచీ చెవుల్లో దూది పెట్టుకుని తిరుగుతున్నాడు. నిన్న దూది లేదు.

"ఏటి బాబూ, గోడకి జబ్బు సేసిందేటి" అని అడిగాను.

"జబ్బు కాదు మామ్మగారూ, మీకోసమే. పన్నెండు వోల్టుల మీద తిరిగే ఫ్యాన్లను ఏడుకి దించాను. స్పీడు సగానికి తగ్గింది, చప్పుడు ఇంచుమించు పోయింది. ఇన్నేళ్లూ ఎలా భరించారో గానీ, ఇక మీ చెవులకి హాయి."

"నా సెవులొచ్చి నీకు సెప్పాయేటి."

అతను నవ్వాడు. పథకానికి పేరు కూడా పెట్టాడట, 'పదో వీధి నిశ్శబ్ద పథకం' అని. మా పేరు మీద, మా మేలు కోరి. కమిటీ మెచ్చుకుందట.

"అభ్యంతరం ఉంటే రాసి ఇవ్వండి మామ్మగారూ, తేదీలతో సహా. నోటిమాటలు ఫైల్లోకి ఎక్కవు" అన్నాడు.

నాకు అక్షరం రాదని తెలిసే అన్నాడు. అందుకే ఈ కాగితం.

మా వీధిలో గోడలు రేకులు, రేకుల మధ్య చీరలు. ఇన్నేళ్లూ ఆ హోరే మాకు అసలు గోడ. మొగుడూ పెళ్లాల మాటలు, ముసలివాళ్ల దగ్గులు, అప్పుడప్పుడూ ఏడుపులు, అన్నీ దాని చాటునే. నిన్న ఆ గోడ కూలింది. సముద్రపు హోరులో పుట్టి ఈ హోరులో ముదిరిన గొంతులు మావి, చిన్నగా మాట్లాడటం ఎవరికీ చేతకాదు. మా జట్టులో పనిచేసే దాలమ్మ తన ఇంట్లో మొగుడితో గుసగుసగా ఏదో అన్నాననుకుంది. నాలుగిళ్ల అవతల నుంచి గురువులనే అతను జవాబు చెప్పాడు.

"నిన్నెవలడిగారు, మజ్జిలో దూరతన్నావు" అంది దాలమ్మ.

"నువ్వే కదేటి, బెల్లం ఎవలు తినీసారని అడిగితివి. నాను కాదని సెప్పినాను" అన్నాడు.

నవ్వుకున్నాం. నిజమే. కానీ చంటిపిల్లలు నవ్వలేదు. హోరు లేక ఉలిక్కిపడి రోజంతా ఏడ్చారు. మా చెవుల సంగతి మమ్మల్ని అడగకుండా తేల్చే అధికారం అతనికి ఎవరిచ్చారని నా ప్రశ్న. దీన్ని గట్టిగానే రాశానని పంతులు గారు అంటున్నారు. వేలిముద్ర వేస్తున్నాను.

రెండో కాగితం. నాలుగో రోజు.

బట్టలు ఆరడం లేదు.

ఫ్యాన్ల గోడకి మూడు బారల దూరంలో మా దండేలు ఉంటాయి. తడిచీర వేసి బియ్యం పొయ్యి మీద పెడితే, అన్నం వార్చేసరికి చీర ఆరి పెళపెళలాడేది. నిన్న పొద్దున వేసిన చీర ఇవాళ పొద్దున కూడా చెమ్మగానే ఉంది. దాన్ని అలాగే భుజాన వేసుకుని ఇంజినీరు గదికి వెళ్లాను. ఆ గది ఊరి ముఖద్వారం దగ్గర ఉంటుంది. అక్కడ గాలికి కాగితాలు ఎగిరిపోకుండా రాళ్లు పెట్టుకుంటారు.

"ఇది ముట్టుకుని సూడు" అన్నాను.

అతను ముట్టుకోలేదు. తెర మీద అంకెలు చూపించాడు. మిషను వేడి అరవై ఒకటి, డెబ్బై ఐదు దాటితే తప్ప ప్రమాదం లేదట. "మిషను సుఖంగా ఉంది మామ్మగారూ" అన్నాడు.

"మిసను ఒంటిమీద ఎన్నిసోట్ల సూస్తారు, వేడి."

"మూడు వందల నలభై సెన్సర్లు ఉన్నాయి."

"మా ఈధిలో ఎన్ని."

"మనుషులకి సెన్సర్లు ఎందుకండీ. మనుషులు నోరు తెరిచి చెప్తారు కదా."

"సెప్తన్నాను మరి."

"రాసి ఇవ్వమన్నాను కదా" అన్నాడు.

ఇదీ వరస. చెప్పగలం కనక మాకు కొలత లేదు. చెబితే కొలత ఏదీ అంటారు.

మా పని ఎలా ఉంటుందో కూడా కమిటీకి తెలియాలని పంతులు గారు అంటున్నారు, చెబుతున్నాను. మేము నలుగురం ఆడవాళ్లం. రోజుకి పన్నెండు ఫ్యాన్లు. ఒక్కోదానికీ ఒక ప్లగ్గు. ప్లగ్గు లాగితే ఆగుతుంది. జల్లెడ తలుపు తీసి రెక్కలకు పట్టిన దుమ్మూ జిడ్డూ తడిగుడ్డతో తుడుస్తాం. ఆ దుమ్ము కంట్లో పడితే మిరపపొడే. అందుకని నుదుటి నుంచి మెడ దాకా తడిబట్ట చుట్టుకుని, కళ్లు మూసుకునే పనిచేస్తాం. తుడిచాక ప్లగ్గు పెడితే ఫ్యాను గుర్రుమని లేస్తుంది. ఆ గుర్రు చెవిన పడగానే పక్కదానికి పోతాం. చూసేది ఉండదు, అంతా వినికిడి. ఈ పద్ధతి పెట్టింది నేనే. అరిగిన బేరింగు ఏదో, రెక్క బీటలిచ్చింది ఏదో, గోడ ముందు నడుస్తూనే చెప్పగలను. ఏడు వోల్టుల మీద ఆ గుర్రు లేదు. ప్లగ్గు పెడితే లోపల చిన్నగా టిక్కుమంటుంది. అంతే. నీరసంగా తిరుగుతోంది కాబోలని పక్కదానికి పోతున్నాం.

మూడో కాగితం. ఆరో రోజు.

ఇవాళ పొద్దెక్కిన తరువాత కమిటీ నుంచి ఒక సభ్యుడు ఇంజినీరు వెంట మా వీధికి వచ్చాడు. బయట పదిగంటల వేళ. వీధిలో సగం మంది ఇంకా పడుకునే ఉన్నారు. గురువులు గడప మీద కూర్చునే నిద్రపోతున్నాడు, చేతిలో పళ్లపుల్ల అలాగే ఉంది.

సభ్యుడి ముఖం చేటంత అయింది. "ఎంత ప్రశాంతంగా ఉందండీ" అన్నాడు.

"సగటు నిద్ర ఆరు గంటల నుంచి పదికి పెరిగింది సార్" అన్నాడు ఇంజినీరు. రాసుకున్నారు కూడా. పథకం ఫలించిందట.

ముప్పై తొమ్మిదేళ్లుగా తెల్లవారుజామున లేచే వీధి. వలలు లాగిన జాతి. పట్టపగలు పదింటికి చచ్చిన చేపల్లా పడి ఉంటే, అది సుఖమని రాసుకుని పోయారు. తలలు పట్టుకుని లేస్తున్నారని చెప్పాను. అంతసేపు పడుకుంటే తలనొప్పి మామూలేనన్నారు. పొయ్యి మంట పసుపుపచ్చగా, సన్నగా మండుతోందని చెప్పాను. గ్యాసు తేడా అయి ఉంటుందన్నారు. ఏది చెప్పినా దానికొక జవాబు సిద్ధంగా ఉంది వాళ్ల దగ్గర.

గోడ పక్కన ఆఖరి ఇంట్లో నా చెల్లెలు పైడమ్మ ఉంటుంది. పాత పేటలో చేపలు పొగబెట్టే పని చేసి చేసి దాని ఊపిరితిత్తులు పాడయ్యాయి. అయిదేళ్లుగా మంచం మీదే. నోరు మాత్రం మంచం పట్టలేదు. దానికి గంజి పట్టుకెళితే రోజూ వంక పెడుతుంది. ఇవాళ పెట్టలేదు.

"అప్పా, తలమీద ఎవలో కూకున్నట్టుందే" అంది.

"ఎవలు కూకుంటారే నీ తలమీద, కొరికేత్తావని అందరికీ తెల్సు" అన్నాను. నవ్వలేదు. సగం గంజి తాగి కళ్లు మూసుకుంది. దాని పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి.

రాయండి పంతులు గారూ. ఆవలించకండి. మీరు కూడా ఆవలిస్తే ఇక్కడ మేలుకుని ఉన్నది నేనొక్కర్తినే అవుతాను.

నాలుగో కాగితం. ఎనిమిదో రోజు.

ఇవాళ చెప్పేది నా మీద నేను చెప్పుకునేది. అయినా ఒక్క ముక్క వదలకుండా రాయమన్నాను.

తడిచీర ఎక్కడ వేస్తే ఆరుతుందో చూద్దామని గోడ పొడుగునా దాన్ని పట్టుకుని నడిచాను. ఫ్యాన్లు మా వైపు నుంచి గాలి లాగుతాయి కనక, చీర చెంగు జల్లెడకి అతుక్కోవాలి. మొదటిదానికి అతుక్కుంది. రెండోదానికీ అతుక్కుంది. మూడోదాని ముందు చెంగు కదలలేదు. నాలుగోదాని ముందు చెంగు ఎగిరి నా ముఖం మీద కొట్టింది. వేడిగా కొట్టింది.

లాగాల్సిన చోట నుంచి ఊదుతోందన్నమాట. అరచెయ్యి పెట్టి చూశాను. మిషను గదిలో కాగిన గాలి వెనక్కి, మా వీధిలోకి వస్తోంది. ముఖానికి చుట్టిన బట్ట విప్పి కళ్లు చిట్లించి చూస్తే ఆ ఫ్యాను తిరగడం లేదు. ప్లగ్గు ఉంది. లోపల టిక్కు టిక్కుమంటోంది. రెక్కలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఆగిన ఫ్యాను మూసిన తలుపు కాదు, తెరిచిన కిటికీ. పక్కవి లాగిన గాలి దానిలోంచి తిరిగి వచ్చేస్తోంది.

చీపురుకర్ర లోపలికి పెట్టి రెక్కని ఒక్క తోపు తోశాను. తిరగడం మొదలుపెట్టింది. ఆగలేదు.

అప్పుడు సంగతి తెలిసింది. తిరుగుతున్న ఫ్యాను ఏడు మీద తిరుగుతూనే ఉంటుంది. ఒకసారి ఆగితే మాత్రం ఏడు దాన్ని లేపలేదు. లేవడానికి పన్నెండు కావాలి, లేదా ఒక చెయ్యి కావాలి. ఆపుతున్నది ఎవరు. మేమే. రోజుకి పన్నెండు, శుభ్రంగా తుడిచి, ప్లగ్గు పెట్టి, టిక్కు విని, కళ్లు మూసుకుని పోతున్నాం.

దాలమ్మను పిలిచి, నిచ్చెన వేసి, గోడంతా చెయ్యి పెట్టి చూశాం. ఏడు రోజుల్లో తుడిచినవి ఎనభై నాలుగు. వాటిలో కొత్త ఫ్యాన్లు తమంతట తామే లేచాయి. పాతవి నలభై ఒకటి నిలబడి ఉన్నాయి. అందులో పదకొండు నా చేతివి. నాకు కేటాయించిన వరసలు నాకు తెలుసు.

"అత్తా, మనమే సేసామా ఇది" అంది దాలమ్మ. ఏడుపు మొహం పెట్టింది.

"మన సేత్తోనే జరిగింది. మనం సేసింది కాదు. ఏడుపు తరవాత, ముందు కర్ర అందుకో" అన్నాను.

చేతికి అందినవి తోస్తున్నాం. పదహారు తోశాం. ఇంతలో ఇంజినీరు వచ్చాడు.

"కర్రలు పెడుతున్నారేంటి. రెక్క విరిగి మిషనులో పడితే ఎవరిది బాధ్యత."

చూపించాను. చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి, నిలబడిన ఫ్యాను ముందు నిలబెట్టాను. తన ఫోనులో చూసుకున్నాడు. "అన్నింటికీ కరెంటు వెళ్తోంది మామ్మగారూ. నూట ఇరవై ఆన్‌లో ఉన్నట్టే చూపిస్తోంది."

"ఆన్‌లో ఉంటే తిరిగినట్టేనేటి. నీ కళ్లెదుట నిలబడుంది."

అతను వంగి దాని తీగలు చూశాడు. ఇవి పాతకాలపు రెండు తీగల ఫ్యాన్లట. తిరుగుతోందో లేదో చెప్పే మూడో తీగ వాటికి లేదట. పదిహేనో తారీఖున మెయింటెనెన్సు ఉంది, అప్పుడు వరసగా చూస్తానన్నాడు. అందాకా ఎవరూ కర్ర పెట్టకూడదని, వోల్టులు మార్చే రెగ్యులేటరు పెట్టె ముట్టుకోకూడదని చెప్పి, పెట్టెకి తీగ చుట్టి సీసం సీలు వేశాడు. అతని ముఖం పాలిపోయి ఉంది. తెలియక చేసిన తప్పు తెలిశాక కూడా తేదీ చూసుకునేవాడిని ఏమనాలో నాకు తెలియదు. పంతులు గారికీ తెలియదట.

ఐదో కాగితం. పదో రోజు.

ఈ పొద్దున గంజి పట్టుకెళ్లి పిలిస్తే పైడమ్మ పలకలేదు. చెంప మీద కొట్టాను. కళ్లు తెరవలేదు. ఊపిరి ఉంది. ఎక్కడో దూరాన దోనెలోంచి నీళ్లు తోడుతున్నట్టు, ఒకటి వచ్చి, చాలాసేపటికి ఇంకొకటి.

నేను ఆలోచించలేదు. ఆలోచించానని కమిటీ ముందు అబద్ధం చెప్పను. రోకలి తీసుకుని రెగ్యులేటరు పెట్టె దగ్గరికి వెళ్లాను. సీలు మీద రెండు దెబ్బలు వేశాను. మొదటి దెబ్బకి తీగ తెగలేదు. పెట్టె తలుపు తీసి, పిడిని కుడిచేతి వైపు చివరిదాకా తిప్పాను. నాకు అంకెలు చదవడం రాదు గానీ పన్నెండు ఎక్కడ ఉంటుందో ముప్పై తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను.

గోడ లేచింది. ముందు కింది వరసలు, తరువాత పైవి, నిలబడి ఉన్నవన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్రుమంటూ లేచాయి. దండెం మీద చీరలన్నీ ఒక్కసారిగా గోడ వైపు ఎగిరాయి. వీధి పొడుగునా జనం తలుపుల్లోంచి బయటికి వచ్చారు. గురువులూ దాలమ్మ మొగుడూ పైడమ్మను మంచంతో సహా ఎత్తి, గాలి వచ్చే వైపు, ఎనిమిదో వీధి దాకా మోసుకెళ్లారు. నేను దాని తల పట్టుకుని పక్కన నడిచాను. చాలాసేపటికి కళ్లు తెరిచింది.

"ఏటే అప్పా ఆ గోల" అంది.

"నోరు ముయ్యే" అన్నాను.

ఇంజినీరు పరుగెత్తుకొచ్చాడు. విరిగిన సీలు చూశాడు, నా చేతిలో రోకలి చూశాడు. సీలు పగలగొట్టడం పెద్ద నేరమట. దానికి శిక్ష, ఊరి బయట ఎండలో ఉన్న రేకుల షెడ్లకు పంపడం. నా వయసు మనిషి అక్కడ పది రోజులు బతకదు. అతనికీ తెలుసు, నాకూ తెలుసు.

"రిపోర్టు చేయక తప్పదు మామ్మగారూ. లేకపోతే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు.

"సెయ్యి. కానీ ఆ పిడి ముట్టుకుంటే మాత్రం ఈ రోకలి నా సేతిలోనే ఉంది" అన్నాను.

విచారణ నాలుగు రోజుల తరువాత అన్నారు. అప్పటిదాకా పిడిని ఎవరినీ ముట్టుకోనివ్వం. మా వీధి మగాళ్లు వంతులు వేసుకుని పెట్టె ముందు కూర్చున్నారు.

ఆరో కాగితం. పద్నాలుగో రోజు. విచారణ అయ్యాక.

విచారణ ముఖద్వారం దగ్గర హాల్లో జరిగింది. అధ్యక్షురాలు భ్రమరాంబ గారు, అటూ ఇటూ ఇద్దరు సభ్యులు. రాసింది ఆయనే కనక, పంతులు గారు అయిదు కాగితాలూ సగం చూసి సగం గుర్తుతో గడగడా చదివారు. నా మాటలు ఇంకొకరి గొంతులో వింటుంటే నాకే నా మీద జాలి వేసింది, అంతలోనే కోపం వచ్చింది.

తరువాత ఇంజినీరు లేచాడు. పాపం, చెడ్డగా మాట్లాడలేదు. ఒక్కటే అన్నాడు. "ఫ్యాన్లు ఆగింది తుడిచేవాళ్ల వల్లేనని ఆవిడే ఒప్పుకున్నారు. కళ్లు తెరిచి పనిచేసి ఉంటే ఆ రోజే తెలిసేది. గాలి తగ్గిందనడానికి కూడా ఆవిడ మాట తప్ప కొలత ఏదీ లేదు."

భ్రమరాంబ గారు పెద్దమనిషి తరహాగా ఒక రాజీ చెప్పారు. ఫ్యాన్లను తొమ్మిది మీద పెడతారట. తప్పు తుడిచే జట్టుదేనని నేను వేలిముద్ర వేస్తే, సీలు సంగతి వదిలేస్తారట. షెడ్లకు పంపరట.

"పదకొండు నావమ్మా. అవి నా నెత్తినెట్టండి" అన్నాను. "ముప్పై తొమ్మిదేళ్లు పన్నెండు మీద ఇలగే కళ్లు మూసుకుని తుడిసాను, ఒక్కటీ ఆగలేదు. నా పని మారలేదు. ఆ బాబు మార్చింది మారింది. మిగిలిన ముప్పై నా జట్టోళ్ల నెత్తినెట్టడానికి నా ఏలు రాదు. తొమ్మిదంటన్నారు, తొమ్మిది మాకు సాలుద్దో నేదో మీకెలగ తెల్సు. ఏడు సాలుద్దన్నప్పుడు తెల్సినట్టేనా."

"కొలత లేకుండా పన్నెండు కావాలని మాత్రం మేమెలా ఒప్పుకుంటాం" అన్నాడు ఒక సభ్యుడు.

భ్రమరాంబ గారు కాగితాలు తన చేతికి ఇమ్మన్నారు. తిరగేస్తూ మొహం చిట్లించారు. "పంతులు గారూ, మీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని అందరూ అంటారు. ఇదేమిటి, ఈ నాలుగోది నాకు చదవడానికే రావడం లేదు."

ఆయన దస్తూరీని ఎవరైనా ఏమైనా అంటే పంతులు గారికి ప్రాణం పోయినట్టే. గబగబా వెళ్లి తీసుకుని చూశారు. అయిదు కాగితాలనూ బల్ల మీద పక్కపక్కన పరిచారు. నేనూ వెళ్లి చూశాను. నాకు అక్షరం తెలియదు, వరస తెలుసు. వల అల్లినదాన్ని. ముడి బిగిసిందో జారిందో దూరం నుంచే తెలుస్తుంది. మొదటి కాగితంలో ముడులన్నీ సమానంగా ఉన్నాయి. రెండోదానిలో వరస కొంచెం వాలింది. మూడోదానిలో కిందికి జారింది. నాలుగోది చిరిగిన వలే. వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి, కొట్టివేతలు, మరకలు. అయిదోది మళ్లీ చక్కగా ఉంది.

"ఒకే వాక్యం రెండుసార్లు రాశాను" అన్నారు పంతులు గారు, నాలుగోదాని మీద వేలు పెట్టి. "ఇక్కడ సగంలో వదిలేశాను. రాస్తున్నప్పుడు నాకు తెలియనే లేదు." తరువాత భ్రమరాంబ గారి వైపు తిరిగి, "అమ్మా, ఈ నాలుగూ ఏడు వోల్టుల మీద, పదో వీధిలో మూడేసి గంటలు కూర్చుని రాసినవి. అయిదోది పన్నెండు వచ్చిన రోజున, అదే గడప మీద రాసింది. కలం అదే, చెయ్యి అదే. కొలత అడిగారు. ఇది కొలతే" అన్నారు.

రోజుకి మూడు గంటలు కూర్చున్న మనిషికే చెయ్యి అలా జారితే, రోజంతా అక్కడే పడి ఉన్న పైడమ్మ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేకపోయింది.

ఇంజినీరు అయిదు కాగితాల వైపూ చూస్తూ నిలబడ్డాడు. "మేడం, నేనూ అక్కడే పడుకుంటాను" అన్నాడు మెల్లగా. "నేనూ పదేసి గంటలు నిద్రపోయాను. తలనొప్పితో లేచేవాడిని. నిశ్శబ్దం అలవాటు లేక అనుకున్నాను."

"మరి రిపోర్టులో రాయలేదేం" అన్నారావిడ.

"నిద్ర బాగా పట్టిందని రాశానండీ" అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ పిల్లాడు కూడా మాతో పాటు మెల్లగా పోతూ, సుఖంగా ఉందని రాసుకున్నాడు.

ఉత్తర్వు రాశారు. ఫ్యాన్లు పన్నెండు మీదే తిరగాలి. గాలి కొలిచే పెట్టెలు తెప్పించి పదో వీధిలో పెట్టేదాకా ఎవరూ దించకూడదు. సీలు సీలే కనక, నేను మూడు నెలలు గోడ పనికి దూరంగా ఉండాలి. షెడ్లు లేవు. మూడు నెలలూ ఎందుకని అడిగాను. ఊరికే వదిలేస్తే రేపు ప్రతివాడూ రోకలి పట్టుకొస్తాడన్నారు. ఒప్పుకున్నాను, కానీ నచ్చి ఒప్పుకోలేదు. అది కూడా రాయించాను.

సిరాడబ్బా తెచ్చారు. వేలికి సిరా పూశాక, ముందు చదవమన్నాను. చదివారు. ఫ్యాన్లు నూట ఇరవై అని ఉంది. మిషను ఒకటి, సెన్సర్లు మూడు వందల నలభై అని ఉంది. వోల్టులు పన్నెండు అని ఉంది.

"మనుసులు ఎంతమందని రాసారు" అని అడిగాను.

కాగితం అటూ ఇటూ తిప్పారు. లేదు.

"అది అవసరమా అమ్మా" అన్నాడు సభ్యుడు.

"పన్నెండు ఎవలి కోసమో అందులో నేకపోతే, రేపు ఇంకో బాబొచ్చి ఆరుకి దించుతాడు. రాయండి."

ఎంతమందని రాయాలో అక్కడ ఎవరికీ తెలియలేదు. సభ్యులు ఇంజినీరు వైపు చూశారు. అతను తన ఫోను వైపు చూశాడు.

"మొత్తం ఎంతో మీరే చెప్పండమ్మా, రాసుకుంటాం" అన్నారు భ్రమరాంబ గారు.

"మొత్తం నాకు రాదు. పేర్లొచ్చు" అన్నాను.

సిరా పూసిన వేలిని గుడ్డకి అంటకుండా పైకి పట్టుకుని, గోడ వైపు నుంచి మొదలుపెట్టాను. ఆఖరి ఇల్లు, పైడమ్మ. దాని పక్కిల్లు, నేను. ఆ పక్కిల్లు, దాలమ్మ, దాని మొగుడు, అత్త, ముగ్గురు పిల్లలు, మూడోది ఇంకా పాలు మానలేదు. పంతులు గారు పక్కన ఒక్కో గీత పెడుతూ వచ్చారు. అయిదో ఇంటికి వచ్చేసరికి భ్రమరాంబ గారు నన్ను కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. ఇరవయ్యో ఇంటి దగ్గర సభ్యుడు గడియారం చూసుకున్నాడు. ఆ ఇంట్లో అందరి పేర్లూ కొంచెం నెమ్మదిగా చెప్పాను. క్వార్టరులో ఉండే జ్ఞానదీప్ పేరు కూడా చెప్పాను. అతను తల ఎత్తాడు.

నలభై మూడిళ్లూ అయ్యేసరికి నా వేలి మీద సిరా ఆరిపోయింది. పంతులు గారు గీతలు రెండుసార్లు లెక్కపెట్టి, రెండు వందల పద్నాలుగు అన్నారు. దాన్ని ఉత్తర్వులో వోల్టుల పైన రాయించి, చదివించుకుని, వేలికి మళ్లీ సిరా పూయించుకుని అప్పుడు ముద్ర వేశాను.